కీళ్ల బొమ్మల్లో ఏది మేలు? మన ఎండకు నిలిచేది ఏది?

మా మేనల్లుడు ఒంగోలులో ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతున్నాడు. సంక్రాంతికి నెల్లూరు వచ్చి నా కీళ్ల బొమ్మల అద్దాల బీరువా ముందు గంటసేపు చతికిలబడ్డాడు. లేచేటప్పుడు ఒక్కటే అడిగాడు: "మామయ్యా, పిల్లలకు ట్యూషన్లు చెప్పి కొంత డబ్బు కూడబెట్టాను. జపాను బొమ్మ ఒకటి కొననా, ఆ డబ్బుతో అమెరికా బొమ్మలు రెండు మూడు కొననా?"

అప్పటికప్పుడు నోటికొచ్చింది చెప్పి పంపడానికి మనసొప్పలేదు. కష్టపడి దాచుకున్న డబ్బు అది. రెండు వారాల్లో నాలుగైదు సార్లు ఫోనులో మాట్లాడుకున్నాం. అప్పుడు చెప్పినవీ, చెప్పడం మరిచిపోయినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. మన జిల్లాల్లో ఇలాంటి బొమ్మలు సేకరించేవాళ్లు నేననుకున్న దానికన్నా ఎక్కువే ఉన్నారని ఈ మధ్యే తెలిసింది.

1964లో హాస్‌బ్రో కంపెనీ అమెరికాలో పన్నెండు అంగుళాల జి.ఐ. జో సైనికుణ్ణి తెచ్చింది. దాన్ని 'డాల్' అంటే మగపిల్లలకు కొనిపెట్టరని 'యాక్షన్ ఫిగర్' అన్న మాట పుట్టించారు. నేను మాత్రం కీళ్ల బొమ్మ అనే అంటాను. ఆ ఊహ మనకేమీ కొత్తది కాదు. చిన్నప్పుడు ఉదయగిరి వైపు మా అమ్మమ్మ గారి ఊళ్లో తోలుబొమ్మలాట చూశాను. ఆట ముగిశాక తెర వెనక్కి వెళ్లాను. ఆడించిన పెద్దాయన దీపం దగ్గర కూర్చుని, రావణుడి మోచేతి దగ్గర తెగిన దారం లాగేసి, కొత్త దారం దూర్చి, అటొక ముడి ఇటొక ముడి వేస్తున్నాడు. రెండు తోలు ముక్కలు, రెండింటికీ ఒక చిల్లు, చిల్లులో దారం, దారానికి రెండు ముళ్లు. ఆ కీలు అంతే. ముడి బిగించి ఒకసారి ఊపి చూశాడు, రావణుడి చెయ్యి మళ్లీ ఆడింది. ఇవాళ వేలు పోసి కొన్న బొమ్మను చేతిలోకి తీసుకున్నా నా చూపు మొదట ముఖం మీదికి పోదు, కీలు మీదికే పోతుంది. ఈ కీలు తెగితే దీన్ని నెల్లూరులో కూర్చుని నేను బాగుచేసుకోగలనా? మేలు కీడులు నేను ఈ ఒక్క ప్రశ్నతోనే తూచుతాను.

ముందు మన వాతావరణం సంగతి. బొమ్మల మన్నిక గురించి చెప్పేవాళ్లలో ఎక్కువమంది చల్లటి దేశాలవాళ్లు. వాళ్ల బీరువా వేరు, మన బీరువా వేరు. మే నెలలో నెల్లూరులో 40 డిగ్రీలు దాటడం మామూలే. రోహిణి కార్తెలో మేడ మీది గదిలో, పడమటి గోడకు ఆనించిన అద్దాల బీరువా లోపల ఎంత వేడి ఉంటుందో తలుపు తీసి మొహం పెడితే తెలుస్తుంది. ఆ ఎండలు పోయాక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. మనకు అసలు వానలు అవే. సముద్రం దగ్గర కావడంతో గాలిలో చెమ్మ, ఉప్పు. ఏడాదిలో సగం వేడి, సగం చెమ్మ. బొమ్మ ఈ రెండింటికీ తట్టుకోవాలి.

ఇక బొమ్మ దేనితో చేస్తారో చూడాలి. చాలావాటికి ఒళ్లు పి.వి.సి. బోరుకు వేసే గట్టి పైపూ పి.వి.సి.యే, కరెంటు వైరు మీది మెత్తటి తొడుగూ పి.వి.సి.యే. తేడా అంతా అందులో కలిపే ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి పదార్థంలో ఉంది. గట్టి పి.వి.సి. సుమారు 80 డిగ్రీల దగ్గర మెత్తబడితే, ప్లాస్టిసైజర్ కలిసింది అంతకన్నా ఎంతో ముందే లొంగిపోతుంది. బొమ్మ బరువంతా మోసే చీలమండ ఇలాంటి మెత్తటి ప్లాస్టిక్కుతో చేసిందయితే, ఎండాకాలం రెండు నెలల్లో బొమ్మ మెల్లగా ముందుకు వాలుతుంది. ఎవరూ ముట్టుకోకుండానే ఒకనాటి పొద్దున పక్క బొమ్మ మీద పడి ఉంటుంది. ఏ.బి.ఎస్. అనేది గట్టి ప్లాస్టిక్కు. అది మెత్తబడాలంటే సుమారు 105 డిగ్రీలు కావాలి, కాబట్టి మన ఎండకు చలించదు. కానీ అది వంగదు, బలవంతంగా వంచితే పుటుక్కున విరుగుతుంది. మూడోది పి.ఓ.ఎం. యంత్రాల్లో చిన్న చిన్న పళ్లచక్రాలు చేసేది దీనితోనే. నున్నగా జారుతుంది, అరగదు, కీలుకు దీన్ని మించింది లేదు. చిక్కల్లా దీనికి రంగూ పట్టదు, జిగురూ అంటదు. విరిగిందంటే అతకడం కుదరదు. ఈ మూడింటినీ ఏ పాళ్లలో ఎక్కడ వాడారన్న దాని మీదే బొమ్మ ఆయుష్షు ఉంటుంది.

అమెరికా ఆరంగుళాల బొమ్మల్లో అందరికీ తెలిసింది మార్వెల్ లెజెండ్స్, అంటే మార్వెల్ కామిక్స్ సూపర్‌హీరోల బొమ్మలు. 2002లో టాయ్ బిజ్ కంపెనీ మొదలుపెట్టింది, 2007 నుంచి హాస్‌బ్రో చేస్తోంది. మనిషికి పన్నెండో వంతు కొలత. చేతిలో పడితే నిండుగా ఉంటుంది. మోకాలికి రెండు మడతలు, తుంటికి బంతి కీలు, కొన్నింటికి ఛాతీ దగ్గర చేతులు ముందుకు దగ్గరగా వచ్చే కీలు కూడా ఉంటాయి. ప్లాస్టిక్కు దళసరి. నా దగ్గర ఉన్నవి ఎన్నోసార్లు బీరువాలోంచి గచ్చు మీద పడ్డాయి, ఒక్కటీ విరగలేదు. విరగకపోవడానికి కారణం ఆ మెత్తదనమే, ఎండకు వాలిపోవడానికి కారణమూ ఆ మెత్తదనమే. పెట్టెలోంచి తీసేసరికే కాలు వంకరగా ఉన్నవీ, కత్తి సొట్టపోయినవీ వచ్చాయి. వేడినీళ్లలో ఒక నిమిషం ఉంచి, చేత్తో సరిచేసి, వెంటనే చన్నీళ్లలో ముంచితే ఆ రూపంలో నిలబడతాయి. ఈ చిట్కా మొదటిసారి పనిచేసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది.

వీటి రూపం గురించి ఒక మాట చెప్పాలి. పాత వాటిలో మోచేతికీ మోకాలికీ అడ్డంగా పిన్ను కనపడేది. చర్మం ఒక రంగు, పిన్ను ఇంకో రంగు. చూడ్డానికి బాగుండేది కాదు. ఇటీవలి వాటిలో పిన్ను బయటికి కనపడకుండా చేస్తున్నారు. చెయ్యి మడిచినప్పుడు నున్నగా, నిజం చెయ్యిలా ఉంది. అందం విషయంలో ఇది పెద్ద అడుగే. అయితే పాత బొమ్మలో కీలు వదులైతే సన్నటి మేకుతో పిన్నును బయటికి తట్టి, కీలు శుభ్రం చేసి మళ్లీ తట్టేవాణ్ణి. కొత్త దాంట్లో తట్టడానికి పిన్ను దొరకదు. ఆ నున్నటి మోచెయ్యిని చూసినప్పుడల్లా నాకు సంతోషమూ కలుగుతుంది, బెంగా కలుగుతుంది.

జపాను బొమ్మల పనితనం వేరు. మాక్స్ ఫ్యాక్టరీ వాళ్ల ఫిగ్మా, బందాయ్ వాళ్ల ఎస్.హెచ్.ఫిగువార్ట్స్ రెండూ 2008లోనే మొదలయ్యాయి. వీటిలో బొమ్మ కదలడమే కాదు, ఒదుగుతుంది. నడుము తిప్పితే భుజం కూడా దానితోపాటు సర్దుకున్నట్టు అనిపిస్తుంది. కోపం, నవ్వు, పళ్లు బిగించడం, ఒక్కోదానికి ఒక్కో ముఖం. పిడికిలి, చాచిన అరచెయ్యి, కత్తి పట్టే చెయ్యి విడివిడిగా పెట్టెలో వస్తాయి. ఫిగ్మాతో స్టాండు కూడా వస్తుంది. బొమ్మ వీపు చిల్లులో దాని కొన దూర్చితే గాలిలో ఎగిరే భంగిమలో కూడా నిలుపుకోవచ్చు. స్టాండు మీద నిలిచిన బొమ్మ మన ఎండకు వాలదు. నా దృష్టిలో జపాను వాళ్ల అసలు తెలివి ఇదే. బరువును చీలమండ మీద పెట్టకుండా వీపు మీద పెట్టారు.

2006లో కైయోడో కంపెనీ తెచ్చిన రివాల్‌టెక్ బొమ్మల సంగతి ఇక్కడ చెప్పకపోతే తప్పవుతుంది. వాటి కీలు తిప్పుతుంటే వేళ్లకు టిక్కు టిక్కుమని తగులుతుంది. లోపల పళ్లున్న చక్రం ఒక్కో మెట్టు దగ్గర ఆగుతుంది. మామూలు కీలు రాపిడి మీద నిలుస్తుంది, అరిగితే జారుతుంది. పళ్ల కీలు అంత తొందరగా జారదు. అయితే రెండు మెట్లకు మధ్య భంగిమ కావాలంటే దొరకదు. చెయ్యి కొంచెం పైకి ఉంటే బాగుండును అనిపించినప్పుడు అది కొంచెం పైకి రాదు, చాలా పైకి వస్తుంది.

జపాను బొమ్మల్లో బలహీనత మణికట్టు. చేతులు మార్చడానికి అక్కడ ఒక చిన్న చీల ఉంటుంది, బియ్యపు గింజకన్నా సన్నం. నాలుగేళ్ల కిందట ఒక బొమ్మకు చెయ్యి మారుస్తూ తొందరపడ్డాను. చీల మొదట్లో సన్నటి తెల్లగీత కనిపించింది. ప్లాస్టిక్కు లోపల చిట్లుతోందనడానికి ఆ తెల్లగీతే గుర్తు. అక్కడ ఆగి వేడినీళ్లు పెట్టుకోవాల్సింది. ఆగలేదు. చీల విరిగి సగం చేతిలో, సగం మణికట్టులో ఉండిపోయింది. అమ్మినవాళ్లకు రాస్తే విడిభాగాలు ఇవ్వడం కుదరదన్నారు. వారం రోజులు ఆ బొమ్మ వైపు చూడలేకపోయాను.

చివరికి మా వీధిలో నగల పని చేసే ఆచారిగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, మణికట్టు దీపం కింద పెట్టి చాలాసేపు తిప్పి చూశారు. ముక్కుపుడకలకు వాడే చేతి డ్రిల్లు తీసి, రెండు వేళ్ల మధ్య నలుపుతూ, ఇరుక్కున్న ముక్కలో నడిమధ్యన చిల్లు పెట్టారు. తెల్లటి ప్లాస్టిక్కు రజను దారపు పోగులా పైకి లేచింది. ఊదుతూ, ఆగుతూ, మళ్లీ తిప్పుతూ పది నిమిషాలు. తర్వాత ఇత్తడి తీగ ముక్క కోసి, ఆకురాయితో కొన గరుకు చేసి దూర్చారు. "బాబూ, ఇక మీద ఇది విరగదు. విరిగితే చుట్టూ ఉన్నది విరగాలి" అన్నారు. డబ్బులు తీసుకోలేదు. ఆ మణికట్టు ఇవాళ్టికీ అలాగే ఉంది. మన ఊళ్లలో ఇలాంటి చేతులున్నాయి. వాటిని నమ్ముకునే జపాను బొమ్మ కొనమని చెప్పగలుగుతున్నాను.

ఇక మూడోది. మేనల్లుడు అడగనిదీ, నాకు ప్రాణమైనదీ. 1982లో హాస్‌బ్రో జి.ఐ. జోను నాలుగంగుళాలకు కొంచెం తక్కువ ఎత్తుకు కుదించింది. మన దేశంలో వాటిని చెన్నైకి చెందిన ఫన్‌స్కూల్ తయారుచేసింది. తొంభైల్లో పెరిగిన నా వయసువాళ్లలో చాలామందికి మొదటి కీళ్ల బొమ్మ అదే. మంచి మార్కులు వస్తే ఒకటి. నాకు మొత్తం ఐదు వచ్చాయి.

దాని నిర్మాణం చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. వీపు మధ్యలో ఒక స్క్రూ. అది విప్పితే ఛాతీ, వీపు రెండు చిప్పల్లా విడిపోతాయి. చేతులు, తల వాటంతటవే బయటికొస్తాయి. కాళ్ల జతకు లోహపు కొక్కెం, దానికి తగిలించిన నల్లటి రబ్బరు రింగు. రింగు రెండో కొస ఛాతీలోని స్తంభానికి పడుతుంది. బొమ్మను పట్టి ఉంచేది ఆ రింగు ఒక్కటే. నడుము ఏ వైపు తిప్పినా, వంచినా రబ్బరు సాగి వెనక్కి లాగుతుంది. బొమ్మ బాసింపట్టు వేసుకుంటుంది, మోకాలి మీద కూర్చుంటుంది, అంత చిన్న బొమ్మ. 1983 నుంచి మోచేతి పైన అడ్డంగా తిరిగే కీలు కూడా చేర్చడంతో తుపాకీని రెండు చేతులతో పట్టగలిగింది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. లావు పిడి ఉన్న తుపాకీ దూర్చితే బొటనవేలు విరుగుతుంది. కాళ్ల మధ్య ముక్క సన్నం, అదీ విరిగేదే. మోచేతి రివెట్టు అందంగా ఉండదు, వీపు మీద స్క్రూ తల కనపడుతుంది. ముఖం గోటి కన్నా చిన్నది, జపాను ముఖాల పక్కన పెట్టి చూపేది కాదు. ఉప్పుగాలికి లోపలి కొక్కెం తుప్పు పడుతుంది. రబ్బరు రింగు కొన్నేళ్లకు ఎండి పెళుసుబారి తెగుతుంది. నా ఐదు బొమ్మల రింగులూ ఒకదాని తర్వాత ఒకటి తెగిపోయాయి.

కానీ తెగినవన్నీ మళ్లీ నిలబడ్డాయి. పాత రింగు ముక్కను నమూనాగా జేబులో వేసుకుని మోటార్లు బాగుచేసే దుకాణానికి వెళ్లాను. రొయ్యల చెరువుల ఏరేటర్లు మరమ్మతుకు వచ్చే చోటు అది. రకరకాల రబ్బరు రింగులు తీగకు గుచ్చి వేలాడుతున్నాయి. దుకాణదారు ముక్కను వేలిమీద పెట్టుకుని చూసి, సరిపోయేవి నాలుగు తీసిచ్చాడు. ఇంటికొచ్చి స్క్రూ విప్పి, కొక్కెం తుప్పు గరుకు కాగితంతో గీకి, కొత్త రింగు తగిలించి బిగించాను. పావుగంట పని. ముప్పై ఏళ్ల బొమ్మ కొత్తదానిలా బిగుతుగా నిలబడింది. అదే జి.ఐ. జోను హాస్‌బ్రో 2020లో క్లాసిఫైడ్ అనే పేరుతో ఆరంగుళాల్లో మళ్లీ తెచ్చింది. అందంగా ఉంది, రంగులు బాగున్నాయి. దానికి స్క్రూ లేదు, రింగు లేదు. ముప్పై ఏళ్ల తర్వాత అది ఎలా ఉంటుందో, వదులైతే దాన్ని ఎవరు విప్పగలరో నాకు తోచడం లేదు.

బట్టలు తొడిగిన పన్నెండు అంగుళాల ఖరీదైన బొమ్మల గురించి కూడా వాడు అడిగాడు. మన తీరంలో వద్దు. ముఖాలు అచ్చం మనుషుల్లా ఉంటాయి, నిజమే. కానీ తోలులా కనిపించే వాటి కోట్లు, బూట్లు చాలావరకు పాలీయురెథేన్ పూత. గాలిలో చెమ్మే దాన్ని లోపల్నుంచి తింటుంది. కొన్నేళ్లకు పొలుసులు పొలుసులుగా రాలుతుంది. దానికి ఆచారిగారి దగ్గర కూడా మందు లేదు.

కొన్నాక ఎలా చూసుకోవాలో కూడా ఈ లెక్కలో భాగమే. పెట్టె విప్పకుండా దాచితే భద్రం అని చాలామంది నమ్మకం. పి.వి.సి. విషయంలో అది పూర్తి నిజం కాదు. లోపలి ప్లాస్టిసైజర్ మెల్లగా బయటికి ఊరుతుంది. గాలి ఆడని చోట అది బొమ్మ ఒంటి మీదే నిలిచి జిడ్డుగా, అంటుకునేలా తయారవుతుంది. ఆ జిడ్డు ఏ.బి.ఎస్.కు తగిలి ఉంటే దాన్నీ మెత్తబరుస్తుంది. అందుకే భుజాల మీంచి వేలాడే మెత్తటి కేపును గట్టి కవచానికి ఏళ్ల తరబడి ఆనించి ఉంచకూడదు. జిడ్డు పడితే గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు వేసి మెత్తటి బ్రష్షుతో కడిగి నీడలో ఆరబెట్టాలి. గోళ్లరంగు తుడిచే ద్రవం పొరపాటున కూడా వాడకూడదు, రంగుతోపాటు ప్లాస్టిక్కు కూడా కరుగుతుంది. బంతి కీలు వదులైతే రంగులేని గోళ్లరంగు పలచగా పూసి, పూర్తిగా ఆరాక బిగిస్తే చాలు. లేదా కుళాయి మరలకు చుట్టే తెల్లటి టేపు ఒక చుట్టు వేసినా సరిపోతుంది. బీరువాకు కిటికీ ఎండ తగలకూడదు, తగిలితే తెలుపు పసుపవుతుంది. అడుగున చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు ముక్క పెట్టుకోమన్నాను. కోతల్లో మిగిలిన ముక్కలు వాడుండే చోట సులువుగా దొరుకుతాయి. నల్లటి రాయిలో బంగారు చుక్కలు, దాని మీద బొమ్మ నిలబెడితే ఆ అందమే వేరు. బరువైన రాయి కాబట్టి తలుపు విసురుగా వేసినా కదలదు.

ధర సంగతి తప్పించుకోలేం. 2020లో బొమ్మల దిగుమతి సుంకం 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. 2021 జనవరి నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయింది. పిల్లల చేతికిచ్చే బొమ్మకు ఆ గుర్తు ఉండాల్సిందే, నేను పూర్తిగా ఒప్పుకుంటాను. సుంకం మాత్రం చదువుకునే కుర్రాడికి భారమే. జపాను నుంచి ఒకటి తెప్పిస్తే బొమ్మ ధర, పోస్టు ఖర్చు, సుంకం అన్నీ కలిపి లెక్కేసుకోవాలి. అంత పెట్టాక మణికట్టు విరిగితే ఆ బాధ వేరు.

చివరికి వాడితో ఇలా అన్నాను. "అల్లుడూ, నువ్వు రోజూ భంగిమలు మార్చి ఫొటోలు తీస్తానంటే జపానుది ఒకటే కొను, స్టాండు ఉన్నది. చేతులు మార్చేముందు వేడినీళ్లు పెట్టుకో. తీసి పెట్టి, కింద పడేసి, గదిలో స్నేహితులు కూడా పట్టుకు చూసేదైతే అమెరికావి రెండు కొను, మూడోది వద్దు, ఆ డబ్బు చేతిలో ఉంచుకో. నన్నడిగితే మాత్రం అన్నింటిలోకీ మేలు స్క్రూ విప్పగలిగిందే."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే మామయ్యా, అమెరికావి రెండు కొంటాను. నీ ఐదింటిలో ఒకటి నాకిస్తావా?" అన్నాడు.

ఇచ్చాను. పచ్చ చొక్కా సైనికుణ్ణి, బొటనవేళ్లు రెండూ ఉన్నవాణ్ణి, దూదిలో చుట్టి ఒంగోలు బస్సులో పార్సిలు వేశాను. లోపల చిన్న స్క్రూడ్రైవరు, మోటారు దుకాణం రింగులు మూడు పెట్టాను. చీటీ మీద రెండు వాక్యాలు రాశాను: స్క్రూ చివరి చుట్టు దగ్గర ఆపెయ్యి, బిగిస్తే ప్లాస్టిక్కు మర పోతుంది. రింగులు ఎండ తగలని డబ్బాలో దాచు.